నాలుగో నంబరు మంచం రీడింగు

మాణిక్యాలరావు గారు కంటపడ్డ ప్రతిదాన్నీ కొలుస్తారు. కొలిచి ఊరుకుంటే ఏ గొడవా లేదు. ఆ కొలతను నలుగురికీ వినపడేలా కేకేసి మరీ చెబుతారు. కొలవడానికీ కేకెయ్యడానికీ మధ్య ఒక్క క్షణం ఆగి, ఇది చెప్పొచ్చా చెప్పకూడదా అని చూసుకోవడం ఆయన పుట్టుకలోనే లేదు.

అది ఆయన తప్పు కాదని భార్య చిన్నతల్లి ముప్పై ఎనిమిదేళ్లుగా తనకు తానే సర్దిచెప్పుకుంటోంది. ఆయన గన్నవరం దిగువన కాలవ లాకుల దగ్గర లస్కరుగా పనిచేశారు. పొద్దున్న ఆరింటికోసారి, సాయంత్రం ఆరింటికోసారి నీటిమట్టం చూసి సెక్షన్ ఆఫీసుకు ఫోన్లో చెప్పడం ఆయన పని. పక్కన తలుపుల సందుల్లోంచి నీళ్లు హోరుమని దూకుతుంటే మామూలు గొంతుతో చెప్పిన అంకె అవతలికి చేరదు. అందుకని అరిచేవారు. రిటైరై నాలుగేళ్లయింది. నీళ్ల హోరు లాకుల దగ్గరే ఉండిపోయింది. గొంతు మాత్రం ఆయనతోపాటు ఇంటికి వచ్చేసింది.

భోజనానికి కూర్చుంటే ముందు చారు గిన్నెలోకి తొంగిచూసేవారు. "మూడంగుళాలు! నిన్న నాలుగుంది!" గోడ అవతలి నుంచి పొరుగావిడ, "ఇంకో గ్లాసుడు చింతపండు నీళ్లు పొయ్యండి వదినగారూ, సరిపోతుంది" అని సలహా ఇచ్చేది. చిన్నతల్లి పోసేది. వాదించడం కన్నా చారు పలచన చేసుకోవడం తేలిక.

ఒకసారి చుట్టాలింట్లో పెళ్లిచూపులకు వెళ్లారు. పిల్ల వచ్చి, అందరికీ నమస్కారం పెట్టి, వెనక్కి తిరిగింది. మగపెళ్లివారు ఇంకా నోరు తెరవనేలేదు. "జడ మూడడుగుల రెండంగుళాలు!" అన్నారు మాణిక్యాలరావు గారు మెచ్చుకోలుగా. అందరూ సంతోషించారు. "అందులో అడుగున్నర సవరం!" అని లెక్క పూర్తిచేశారు. ఆ సంబంధం కుదరలేదు. ఆ తరువాత చుట్టాలెవరింట్లో పెళ్లిచూపులున్నా ఆ పూట ఆయన్ని ఏదో పని కల్పించి రాజోలు పంపించేవారు.

అలాగని ఆయన చెడ్డవారనడానికి లేదు. అంకె దగ్గర అబద్ధం ఆడరు, అంతే. ఓ ఏడాది పైనుంచి వచ్చిన అధికారి ఒకాయన, "నాలుగంగుళాలు తగ్గించి రాయవయ్యా, పై వాళ్లకి కబుర్లు చెప్పలేక చస్తున్నాం" అంటే, "ఆయ్, తప్పకుండానండి. ముందు తమరు వెళ్లి నీళ్లకి చెప్పండి. అవి తగ్గగానే నేను రాసేస్తాను" అన్నారట.

ఆయన కొలిచి చెప్పనిది ఒక్కటే ఉంది. వాళ్లకు ఒక ఆడపిల్ల పుట్టి, పదకొండు నెలలకు పోయింది. ఆ పదకొండు నెలలూ పిల్లను గుమ్మానికి ఆనించి, గీత గీసి, వారం వారం వీధంతా వినపడేలా చెప్పిన మనిషి, ఆ తరువాత ఆ గుమ్మం దగ్గర ఎన్నడూ నోరు విప్పలేదు. చిన్నతల్లీ అడగలేదు. ఇంటి పనులు చేసుకుంటూ, ఆయన కేకలు వింటూ, అలా అలా రోజులు గడిపేసింది.

అయిదేళ్లుగా చిన్నతల్లికి బొడ్డు దగ్గర ఉబ్బు ఉంది. దాన్ని చీర కుచ్చెళ్ల కింద దాచుకుంది. దాచకపోతే దాని చుట్టుకొలత ఊరికంతా తెలుస్తుందని ఆమెకు తెలుసు. ఒక రోజు కొబ్బరి కోరుతూ కోరుతూ వాంతి చేసుకుని కింద పడిపోయింది. ఆటోలో అమలాపురం తీసుకెళ్లారు. అది హెర్నియా అనీ, పేగు అందులో ఇరుక్కుపోయిందనీ చెప్పి, బస్టాండు వెనక వీధిలోని ఓ చిన్న నర్సింగ్ హోములో అప్పటికప్పుడు ఆపరేషను చేసేశారు.

మెలకువ వచ్చేసరికి ఆడవాళ్ల వార్డులో నాలుగో నంబరు మంచం మీద ఉంది. వార్డులో ఆరు మంచాలు. అయిదో నంబరులో అంబాజీపేట మంగాయమ్మ గారు, డెబ్బై అయిదేళ్ల మనిషి, పిత్తాశయంలో రాళ్లు తీయించుకుని, తీసిన రాళ్లను సీసాలో పెట్టుకుని వచ్చినవాళ్లందరికీ చూపిస్తోంది.

డాక్టరు సత్యప్రియ గారు మంచం దగ్గరకు వచ్చి నెమ్మదిగా చెప్పారు. "పేగు చాలాసేపు నలిగిపోయిందమ్మా. సరిచేసి లోపల పెట్టేం. ఇప్పుడది కొన్నాళ్లు కదలకుండా మొండికేసి కూర్చుంటుంది. కదిలిందనడానికి గుర్తు ఒక్కటే, గ్యాసు పోవాలి. అది పోయేదాకా నోట్లో నీళ్లచుక్క కూడా వెయ్యకూడదు." ఆ తరువాత మాణిక్యాలరావు గారి వైపు తిరిగి, "పోగానే మా సిస్టరుకి చెప్పండి బాబాయిగారూ" అన్నారు.

ఆ మాట లోకంలో ఇంకెవరికి చెప్పినా ఇబ్బంది లేకపోయేది.

ఆయన కిందికి వెళ్లి పొడుగు పుస్తకం ఒకటి కొనుక్కొచ్చారు. గడులు గీశారు. మర్నాడు పొద్దున్న సరిగ్గా ఆరు గంటలకు లేచి నిలబడి, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"నాలుగో నంబరు మంచం! సెలైను అయిదొందలు! మూత్రం నాలుగొందల ఇరవై! గ్యాసు నిల్!"

చిన్నతల్లి దుప్పటి మొహం మీదికి లాక్కుంది. లాక్కోవడానికి కూడా ఓపిక లేదు, సగం దాకా వచ్చి ఆగిపోయింది.

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరకుండా గొట్టంతో గాలి పీల్చి బంతులు లేపే డబ్బా ఒకటి ఇచ్చారు. "ఒకటో బంతి పూర్తిగా! రెండోది సగం! మూడోది కదల్లేదు!" నడవమన్నారు. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, ఆయన భుజం పట్టుకుని, వరండాలో ఒంగి ఒంగి నడిస్తే, "ఇరవై ఎనిమిది అడుగులు! మధ్యలో రెండుసార్లు ఆగింది!" ప్రతి గంటకూ చివర్లో మాత్రం ఒకటే మాట, "గ్యాసు నిల్!"

సాయంత్రానికి వీధికంతా తెలిసిపోయింది. కింద మందుల షాపులో దూది కొనడానికి వెళితే, "నాలుగో నంబరు గారికి ఇంకా అవ్వలేదాండీ?" అని అడిగారు. ఆటోస్టాండులో ఒకాయన తన తోడల్లుడికి అయిదు రోజులకు అయిందని ధైర్యం చెప్పాడు. సిస్టరు దివ్య నవ్వు ఆపుకోలేక ఇంజక్షను ట్రే పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడేది.

చిన్నతల్లి నలుగురిలో గట్టిగా తుమ్మిన మనిషి కాదు. కాపరానికి వచ్చిన కొత్తలో, కడుపులో నొప్పి అని చెప్పలేక తలనొప్పి అని చెప్పేది. ఇక బావగారు ఏడుకొండలు గారు గుమ్మంలోకి వస్తే చాలు, కుర్చీలోంచి లేచి తలుపు వెనక్కి వెళ్లిపోయేది. ముప్పై ఎనిమిదేళ్లలో ఆయన ఎదుట కూర్చుని ఎరగదు. అలాంటి మనిషి పొట్టలో సంగతి ఇప్పుడు అమలాపురం బస్టాండులో చర్చకు వచ్చింది.

పైగా పరామర్శలు. ఆపరేషను అయిందంటే మన వైపు జనం ఆగరు కదా. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు, కొబ్బరిబొండాలు పట్టుకుని వచ్చేవారు. చుక్క నీళ్లు తాగకూడని మనిషి మంచం కింద పది బొండాలు చేరాయి. "పప్పు తినకు, చీము పడుతుంది" అని ఒకరు, "వంకాయ వైపు చూడకు" అని ఇంకొకరు. అందరూ కూర్చున్నాక, "ఎలా ఉందండీ?" అని మాణిక్యాలరావు గారిని అడిగేవారు. ఆయన పుస్తకం తీసేవారు.

రెండో రోజు డాక్టరు గారు రౌండ్సుకు వచ్చే సమయానికి ఆయన టీకి వెళ్లారు.

"ఏమ్మా, గ్యాసు పోయిందా?"

చిన్నతల్లి ఒక్క క్షణం ఫ్యాను వైపు చూసింది. అలసిపోయింది. ఇంకొక్కసారి ఆ "నిల్" వినే ఓపిక లేదు.

"ఆయ్. పోయిందండి" అంది కళ్లు దించుకుని.

"గుడ్. అయితే మెత్తగా ఒకటో రెండో ఇడ్లీలు పెట్టండి."

మాణిక్యాలరావు గారు తిరిగొచ్చి, సంగతి విని, నమ్మలేకపోయారు. "ఎప్పుడు?"

"మీరు టీకి వెళ్లినప్పుడు."

"నేను వెళ్లింది పదకొండు నిమిషాలే కదే!"

"పదకొండు నిమిషాలు చాలవాండీ దానికి?"

పక్క మంచం మీద మంగాయమ్మ గారు తన రాళ్ల సీసా పట్టుకుని కిలకిలా నవ్వింది. "పదకొండు సెకండ్లు చాలబ్బాయ్. నీకంతసేపు పడుతుందేంటి?"

ఆయన పుస్తకం తీసి, చాలాసేపు ఆలోచించి, "అయ్యిందట" అని రాసుకున్నారు. ఇడ్లీ తెచ్చి పెట్టారు. "ఒకటిన్నర ఇడ్లీ! చట్నీ నిల్!"

మధ్యాహ్నానికి పొట్ట తబలాలా బిగుసుకుంది. మూడింటికి వాంతులు. తిన్న ఇడ్లీయే కాక, లోపల ఉన్న పచ్చటి నీళ్లన్నీ వచ్చాయి. దివ్య పరుగున వచ్చింది, డాక్టరు గారు వచ్చారు, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేశారు. ఎక్సరే తీశారు. రక్తపరీక్షలో ఏదో తగ్గిందని సెలైన్లో ఇంకో మందు కలిపారు.

"నిజం చెప్పమ్మా. పొద్దున్న పోయిందా, లేదా?"

ముక్కులో గొట్టంతో మాట రాక, చిన్నతల్లి తల అడ్డంగా ఊపింది. కళ్లమ్మట నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి.

డాక్టరు గారు కోప్పడలేదు. కోప్పడితే బాగుండునేమో. మాణిక్యాలరావు గారిని వరండాలోకి పిలిచి మాట్లాడారు. తలుపు తెరిచే ఉంది. "ఎల్లుండి సాయంత్రం దాకా చూస్తానండి. అప్పటికీ పేగు కదలకపోతే కాకినాడ పంపించేస్తాను. మళ్లీ తెరవాల్సి రావచ్చు. ఆవిడ గుండె ఇంకోసారి మత్తు తట్టుకుంటుందని నేను మాట ఇవ్వలేను."

ఆయన లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. పుస్తకంలో "అయ్యిందట" కొట్టేసి "నిల్" అని దిద్దారు.

"అబద్ధం ఎందుకు చెప్పేవే?"

"మీ అరుపులు భరించలేకండి."

"అరిచేనా? నేను చెప్పేను."

"మీకు చెప్పడానికీ అరవడానికీ తేడా తెలీదండి. లాకుల దగ్గరంటే నీళ్ల చప్పుడు. ఇక్కడ నీళ్లేవండీ? నాకు తాగడానికే లేవు."

ముప్పై ఎనిమిదేళ్లలో ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. ఆ సాయంత్రం గొంతు తగ్గించాలని మనస్ఫూర్తిగా ప్రయత్నించారు. మెడ ముందుకు చాచి, పళ్లు బిగించి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "నాలుగో నంబరు, గ్యాసు నిల్" అని గుసగుసలాడారు. మెట్ల కింద వాచ్‌మన్ "అయ్యో, ఇంకా లేదా" అన్నాడు.

మూడో రోజంతా నడక, గొట్టం, బంతుల డబ్బా. ముక్కు గొట్టంలోంచి వచ్చే పచ్చనీళ్లు ఎనిమిదొందలు, ఆరొందల యాభై. టేపుతో పొట్ట చుట్టూ కొలిచేవారు. "ముప్పై తొమ్మిదింపావు అంగుళాలు!" పేగుకు తిండి వస్తోందని భ్రమ కలిగితే కదులుతుందని చెప్పి, డాక్టరు గారు చూయింగ్ గమ్ము నమలమన్నారు. యాభై ఎనిమిదేళ్లకు చిన్నతల్లి మొదటిసారి చూయింగ్ గమ్ము నమిలింది. "నిమిషానికి ముప్పై నాలుగు!" అన్నారాయన. మంగాయమ్మ గారు తనకూ ఒకటి ఇమ్మని అడిగి, రాత్రి పళ్లసెట్టుకు అంటించుకుని, మర్నాడంతా ఆస్పత్రి మొత్తాన్నీ తిట్టింది.

కళ్లు మూసుకుని పడుకుని వింటుంటే చిన్నతల్లికి ఒక సంగతి తట్టింది. ఆయన గొంతు పూటపూటకూ పెరుగుతోంది. ఓ ఏడాది వరదనీరు గట్టు అంచుదాకా వచ్చినప్పుడు కూడా ఇంతే. ఆ మూడు రోజులూ ఆయన రీడింగులు ఏటి అవతలికి వినపడ్డాయని చెప్పుకునేవారు. గట్టు నిలబడింది. నాలుగో రోజు ఇంటికొచ్చి మంచినీళ్లు అడగడానికి ఆయనకు గొంతు పెగల్లేదు. చేత్తో సైగ చేశారు. ఈ మనిషి భయపడ్డప్పుడు ఇలా అరుస్తాడన్నమాట. ఇన్నేళ్లూ తెలియలేదే అనుకుంది. తెలిసినా ఇప్పుడు చేసేదేముంది? లేచి ఓదార్చే ఓపిక లేదు. చెయ్యి చాపి ఆయన పంచె అంచు పట్టుకుని పడుకుంది.

నాలుగో రోజు వచ్చింది. డాక్టరు గారు ఇచ్చిన గడువు ఆ సాయంత్రం ఆరు గంటలకు. అంబులెన్సు వాడితో మాట్లాడి ఉంచారు. దివ్య కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి సిద్ధం చేసింది.

నాలుగున్నరకు అప్పనపల్లి నుంచి ఏడుకొండలు గారు వచ్చారు. తెల్లపంచె, భుజాన కండువా, చేతిలో బాలబాలాజీ ప్రసాదం. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. తండ్రి పోయాక తమ్ముణ్ణి పెంచింది ఆయనే. ఆయన వార్డులోకి వస్తే, ఎవరో తెలియని ఆడవాళ్లు కూడా మంచాల మీద సర్దుకుని కూర్చున్నారు.

చిన్నతల్లి లేవబోయింది.

"పడుకో అమ్మా, పడుకో" అన్నారాయన కుర్చీ లాక్కుంటూ.

బావగారి ఎదుట కాళ్లు చాపుకుని ఎలా పడుకోవడం? మోకాళ్లు ముడుచుకుని, ఓ పక్కకు ఒత్తిగిలి, మోచెయ్యి ఆనించి కాస్త పైకి లేచింది. అప్పుడు లోపల, ఎక్కడో చాలా లోతున, ఏదో కదిలింది. తుప్పుపట్టిన లాకు తలుపు జానెడు లేచినట్టు. ఆ కదలిక మెల్లగా కిందికి దిగడం మొదలుపెట్టింది.

నాలుగు రోజులుగా వీధి వీధంతా ఎదురుచూస్తున్నది వస్తోంది. అది బావగారు వచ్చాక వస్తోంది.

చిన్నతల్లి ఊపిరి బిగబట్టింది. పళ్లు బిగించింది. దుప్పటి గుప్పిట్లో పట్టుకుంది. ఆపరేషను చేసిన కడుపు అది, ఆపుతుంటే ప్రాణం పోతోంది. అయినా ఆపింది. కాకినాడ వెళ్లినా సరే, మళ్లీ కోసినా సరే, బావగారి ఎదుట మాత్రం వీల్లేదు.

మాణిక్యాలరావు గారు భార్య మొహం చూశారు. ముప్పై ఆరేళ్లు తలుపుల వెనక నీళ్ల ఒత్తిడి చూసిన మనిషికి వేరే చెప్పక్కర్లేదు. చటుక్కున లేచారు.

"అన్నయ్యా, టీ తాగొద్దాం పదండి."

"ఇప్పుడే తాగి వచ్చేనురా."

"కాఫీ అయితే?"

"డాక్టరు వద్దన్నారు కదా."

"వరండాలో గాలి బాగుంటుందండి."

"ఇక్కడ ఫ్యాను బాగానే తిరుగుతోంది కదరా. కూర్చో. మనిషిని చూద్దామని వస్తే బయటికి తోస్తావేంటి?"

"ఆయ్" అన్నారు మాణిక్యాలరావు గారు. కూర్చోలేదు.

అప్పుడు కరెంటు పోయింది. పాత ఫ్యాను టకటకలాడుతూ తిరిగి, తిరిగి, ఆగింది. వార్డు మొత్తం ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో చిన్నతల్లి ఓపిక అయిపోయింది.

దాన్ని ఎలా చెప్పను? కొబ్బరిమట్ట పెంకుటింటి మీద పడ్డట్టు వినపడింది.

ఆరు మంచాల వాళ్లూ నాలుగో నంబరు వైపు తిరిగారు. ఏడుకొండలు గారి చేతిలో ప్రసాదం ఆగిపోయింది. చిన్నతల్లి కళ్లు మూసుకుంది. ఇక తెరవదలచుకోలేదు.

"నేనేనండీ!"

లాకుల దగ్గరి గొంతు. కిటికీ అద్దాలు అదిరాయి.

"నేనే అన్నయ్యా! మధ్యాహ్నం మిరపకాయ బజ్జీలు తిన్నానండి! ఏడు!"

ఏడుకొండలు గారు తమ్ముణ్ణి కిందనుంచి పైదాకా చూశారు. "బుద్ధుందా నీకు? ఆడవాళ్ల వార్డులో, రోగిష్టి మనిషి పక్కన..."

మాట పూర్తి కాకుండానే రెండోది వచ్చింది. మొదటిదానికన్నా నిడివి ఎక్కువ.

"ఇదీ నాదేనండి!" అన్నారు మాణిక్యాలరావు గారు రొమ్ము మీద చెయ్యి వేసుకుని.

"ఓరి నీ..."

మూడోది చిన్నది.

"ఆయ్, అదీ నాదే."

ఏడుకొండలు గారు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని, కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకున్నారు. ఆ తరువాత పావుగంటసేపు తమ్ముడికి తలంటి పోశారు. "అరవై రెండేళ్లు వచ్చేయిరా నీకు!"

"ఆయ్."

"ఆ అమ్మాయి అక్కడ తిండీ నీళ్లూ లేక పడుంటే నువ్వు బజ్జీలు మింగుతావా?"

"ఆయ్. తప్పేనండి."

"ఒకటా రెండా, ఏడు! వాము నమిలి చావొచ్చు కదా!"

"రేపట్నుంచి నములుతానండి."

చిన్నతల్లి ఒక కన్ను కొద్దిగా తెరిచి చూసింది. ఆయన చేతులు కట్టుకుని తల వంచుకుని నిలబడ్డారు. చారు ఒక అంగుళం తగ్గితే ఊరికి చెప్పే మనిషి. అధికారి చెప్పినా నాలుగంగుళాలు దిద్దని మనిషి. తినని బజ్జీలు లెక్కపెట్టి మరీ ఒప్పుకుంటున్నారు.

తిట్లు తింటూనే మెల్లగా పుస్తకం తీసి ఏదో రాశారు. "ఒక్క నిమిషం అన్నయ్యా" అని దివ్య బల్ల దగ్గరకు వెళ్లారు. నోరు తెరవబోయి, తన గొంతు సంగతి గుర్తొచ్చినట్టుంది, మూసుకున్నారు. పుస్తకం ఆమె ముందు తెరిచి పెట్టి, వేలితో చూపించారు. దివ్య చదివింది. తరువాతెప్పుడో ఆ పేజీ ఆమె చిన్నతల్లికి చూపించింది. దాని మీద ఇలా ఉంది:

"4-52. గ్యాసు. మూడుసార్లు. బాగా. పైకి చెప్పవద్దు."

దివ్య పెదాలు బిగపట్టి డాక్టరు గారి గదిలోకి పరుగెత్తింది.

వార్డులో అయిదో నంబరు మంచం కిర్రుమంది. మంగాయమ్మ గారు లేచి కూర్చుని, చిన్నతల్లి పొట్ట వైపు చూసి, మాణిక్యాలరావు గారి వైపు చూసి, మళ్లీ పొట్ట వైపు చూసింది.

"అమ్మాయ్" అంది నెమ్మదిగా. "గాలి పోయింది మీ ఆయనకి. నీ కడుపు తగ్గిందేంటే?"

చిన్నతల్లికి నవ్వొచ్చింది. దిండు కడుపుకు అదుముకుంది. కుట్లు లాగాయి. ముక్కులో గొట్టం ఊగింది. నవ్వితే నొప్పి, ఆపుకుంటే ఇంకా నొప్పి. "బాబోయ్, ఊరుకోండి పిన్నిగారూ" అని మూలిగింది. ఎన్నేళ్లయిందో అలా నవ్వి. ఏడుకొండలు గారు, బాధతో ఏడుస్తోందనుకుని, "చూసేవా, నీ మూలంగా ఆ పిల్ల ఎంత బాధపడుతోందో" అని తమ్ముణ్ణి ఇంకోసారి తిట్టారు.

ఆరు గంటలకు డాక్టరు గారు పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు. వింటూ వింటూనే నవ్వారు. "కాకినాడ వద్దు. అంబులెన్సుకి వద్దని చెప్పండి. ముక్కు గొట్టం మూసి చూద్దాం. రెండు చెంచాల నీళ్లు ఇవ్వొచ్చు."

మాణిక్యాలరావు గారు చెంచాతో నీళ్లు పట్టారు. రెండో చెంచాలో సగం నీళ్లు ఆమె గడ్డం మీద ఒలికాయి. ఎన్ని చుక్కలు ఒలికాయో ఆయన చెప్పలేదు.

"అబద్ధం ఆడేరేంటండీ?" అంది చిన్నతల్లి.

"రికార్డులో నీ పేరు మీదే రాసేను. నోటితో అన్నది రికార్డు కాదు."

"ఏడు బజ్జీలట!"

"రెండంటే అన్నయ్య నమ్మరే. చప్పుడు విన్నారు కదా."

పది రోజులకు కుట్లు విప్పి ఇంటికి పంపారు. అప్పటికే ఏడుకొండలు గారి నోటిమీదుగా సంగతి చుట్టాలందరికీ చేరిపోయింది. వచ్చినవాళ్లు చిన్నతల్లిని, "బాగున్నావా అమ్మా?" అని ఒక్క మాట పలకరించి, తిన్నగా అరుగు మీద ఉన్న ఆయన దగ్గరకు వెళ్లిపోయేవారు. కొందరు వాము తెచ్చారు. కొందరు సొంఠిపొడి. రాజోలు నుంచి ఒకావిడ ఇంగువ తెచ్చి, మజ్జిగలో కలుపుకోవాలో నేతిలో వేయించుకోవాలో అరగంట వివరించింది.

"ఇప్పుడెలా ఉందండీ మాణిక్యాలరావు గారూ?"

"ఆయ్, నయమేనండి."

"పూర్తిగా తగ్గిందాండీ?"

"అప్పుడప్పుడూనండి."

లోపల మంచం మీద చిన్నతల్లి అదంతా వింటోంది. తన కుట్ల గురించి, తన పొట్ట గురించి, తను తినాల్సినవాటి గురించి, తినకూడనివాటి గురించి ఎవరూ ఏమీ అడగడం లేదు. మందు వేసుకునే వేళ ఇంకా కాలేదు. చెయ్యి కడుపు మీద వేసుకుని, గోడ వైపు తిరిగి, ఆ పూట ఆమె కంటినిండా నిద్రపోయింది.